నగరాల మధ్య జీవన వ్యయ పోలిక

ఒక కుటుంబం ఒక ఊళ్లో ఏ స్థాయిలో బతుకుతోందో, మరో ఊళ్లో అదే స్థాయిలో బతకడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టడాన్ని నగరాల మధ్య జీవన వ్యయ పోలిక అంటారు. విదేశాలకు పంపే సిబ్బంది జీతాలు, ఉద్యోగుల ఇంటి అద్దె భత్యాలు, పేదరిక రేఖలు, దేశాల ఆదాయాల పోలికలు అన్నీ ఏదో ఒక రూపంలో ఈ లెక్క మీదే ఆధారపడతాయి. నెలనెలా పత్రికల్లో కనిపించే వినియోగదారుల ధరల సూచీ దీనికి దగ్గరి చుట్టమే గానీ, పని వేరు. కాలం గడిచేకొద్దీ ఒక చోట ధరలు ఎంత పెరిగాయో ఆ సూచీ చెబుతుంది. ఊరికీ ఊరికీ ఉన్న తేడా ఎంతో అది చెప్పదు.

ఫోర్డ్ అడిగిన ప్రశ్న

డెట్రాయిట్‌లో రోజుకు కనీసం 7 డాలర్ల కూలి ఇస్తున్న ఫోర్డ్ మోటార్ కంపెనీకి 1929లో ఒక సందేహం వచ్చింది. యూరప్ నగరాల్లోని తన కార్మికుడు డెట్రాయిట్ కార్మికుడిలాగే బతకాలంటే ఎంత ఇవ్వాలి? జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఈ లెక్క తేల్చడానికి పూనుకుంది. బోస్టన్ వ్యాపారి ఎడ్వర్డ్ ఫైలీన్ చొరవతో ట్వెంటియత్ సెంచురీ ఫండ్ 25 వేల డాలర్లు సమకూర్చింది. డెట్రాయిట్‌లో 100 ఫోర్డ్ కార్మిక కుటుంబాల ఖర్చుల పద్దును అమెరికా కార్మిక గణాంక శాఖ సేకరించింది. ఆ పద్దు పట్టుకుని యూరప్ వెళితే అసలు చిక్కు బయటపడింది: అక్కడి కార్మికుడు తినే తిండి వేరు, ఉండే ఇల్లు వేరు. ఎవరి పద్దుతో ఎవరిని కొలవాలన్న ఆ ప్రశ్నకు ఇప్పటికీ అందరూ ఒప్పుకునే జవాబు లేదు.

ఎవరి పద్దు?

ఊహించిన అంకెలతో చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. విశాఖలో బియ్యం, గోధుమపిండి రెండూ కిలో 50 రూపాయలు అనుకుందాం. ఢిల్లీలో బియ్యం 70, పిండి 40. విశాఖ కుటుంబానికి నెలకు 30 కిలోల బియ్యం, 10 కిలోల పిండి కావాలి. ఇంటి దగ్గర 2,000 రూపాయలయ్యే ఈ సరుకు ఢిల్లీలో 2,500 అవుతుంది. అంటే ఢిల్లీ 25 శాతం ప్రియం. ఢిల్లీ కుటుంబం తీరు తిరగేసి ఉంటుంది: 10 కిలోల బియ్యం, 30 కిలోల పిండి. దానికి అక్కడ 1,900 అయితే విశాఖలో 2,000 అవుతుంది. వాళ్ల లెక్కలో విశాఖే ప్రియం. ఎవరికి వారు ఎదుటి ఊరినే ఖరీదైనదంటారు, ఇద్దరి మాటా నిజమే.

బయలుదేరిన ఊరి పద్దుతో కొలిచే పద్ధతికి జర్మన్ ఆర్థికవేత్త లాస్పేర్ పేరు, చేరిన ఊరి పద్దుతో కొలిచే పద్ధతికి పాషే పేరు స్థిరపడ్డాయి. రెండు ఫలితాలనూ గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది ఫిషర్ సూచీ. పై ఉదాహరణలో దాని ప్రకారం ఢిల్లీ సుమారు 9 శాతం ప్రియం. గణితానికి అది న్యాయమైన రాజీయే. కానీ బదిలీ అయి వెళ్లేవాళ్లెవరూ సగం విశాఖవాళ్లుగా, సగం ఢిల్లీవాళ్లుగా వండుకోరు. మొదటి ఏడాది సోనామసూరి కోసం వెతుక్కుంటారు, తర్వాత మెల్లగా రాత్రిపూట చపాతీలకు అలవాటు పడతారు. అలవాటు పడేకొద్దీ వాళ్ల జీవన వ్యయమూ తగ్గుతుంది.

అద్దె

పెద్ద నగరాల మధ్య తేడాలో సింహభాగం అద్దెదే. కందిపప్పు, సబ్బు, మందుబిళ్లల ధరలు ఊరూరికీ మరీ అంతగా మారవు. అద్దెను పోల్చడం మాత్రం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అచ్చంగా ఒకే ఇల్లు రెండు నగరాల్లో దొరకదు. ముంబయిలో ఆఫీసుకు దూరంగా విరార్‌లో ఉంటే అద్దె తగ్గుతుంది, తగ్గినదాన్ని రోజూ లోకల్ రైల్లో గంటల రూపంలో కట్టాలి. ఆ గంటలు ఏ సూచీలోనూ కనిపించవు.

అడ్వాన్సుదీ అదే కథ. బెంగళూరులో పది నెలల అద్దె ముందే తీసుకోవడం చాలాకాలం ఆనవాయితీ, హైదరాబాద్‌లో రెండు మూడు నెలలతో సరిపోతుంది. 20 వేల అద్దెకు పది నెలల అడ్వాన్సంటే 2 లక్షలు. 7 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 14 వేలు, అంటే నెలకు 1,160 రూపాయల పైచిలుకు కనపడని అద్దె. రెండు నెలల అడ్వాన్సయితే ఈ నష్టం నెలకు 233 రూపాయలే.

భారతదేశంలో

ఏ నగరం ఎంత ఖరీదో ఏటా చెప్పే అధికారిక సూచీ దేశంలో లేదు. ఆ లోటును చాలామంది పారిశ్రామిక కార్మికుల ధరల సూచీతో పూడ్చాలని చూస్తారు. కార్మిక బ్యూరో 88 కేంద్రాలకు విడివిడిగా ప్రకటించే ఈ సూచీకి 2016 ఆధార సంవత్సరం, ఆ ఏడు ప్రతి కేంద్రం విలువా 100. ఒక ఊరి సూచీ 150, మరోదానిది 140 అయితే మొదటిచోట ధరలు 2016 నుంచి ఎక్కువ వేగంగా పెరిగాయని మాత్రమే అర్థం. రెండో ఊరు ఇప్పటికీ రెట్టింపు ఖరీదై ఉండవచ్చు.

కేంద్ర ఉద్యోగుల కరవు భత్యం ఈ సూచీ అఖిల భారత సగటును బట్టి పెరుగుతుంది కనుక ముంబయి గుమస్తాకూ నరసాపురం గుమస్తాకూ శాతం ఒకటే. ఊరి తేడా ప్రధానంగా ఇంటి అద్దె భత్యంలో కనిపిస్తుంది. జనాభా 50 లక్షలు దాటిన హైదరాబాద్ వంటి ఎనిమిది నగరాలు ఎక్స్ తరగతి, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, వరంగల్ వంటివి వై, మిగతావి జెడ్. ఏడో వేతన సంఘం తర్వాత 2017లో ఈ తరగతులకు మూల వేతనంలో 24, 16, 8 శాతం చొప్పున నిర్ణయించారు, కరవు భత్యం పెరిగేకొద్దీ ఇవీ పెరిగేలా ఏర్పాటు చేశారు. ఇక్కడ కొలమానం జనాభాయే, అద్దె కాదు. అదే హైదరాబాద్‌కు 1962 నాటి ఆదాయపు పన్ను నియమాలు పెద్ద నగరం హోదా ఇవ్వలేదు. అద్దె భత్యంపై పన్ను మినహాయింపుకు జీతంలో 50 శాతం పరిమితి ముంబయి, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నైలకే దక్కింది, మిగతావాటికి 40.

నిజంగా ప్రాంతాల ధరల తేడాను పట్టుకున్నవి టెండూల్కర్ పద్ధతి పేదరిక రేఖలు. 2011-12లో పట్టణాల్లో తలకు నెలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రూ.1,009, తమిళనాడులో రూ.937, మహారాష్ట్రలో రూ.1,126గా లెక్కగట్టారు. ఇవి రాష్ట్ర స్థాయి అంకెలు, నగరాలవి కావు.

ప్రపంచ జాబితాలు

మెర్సర్, ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ జాబితాలకు న్యూయార్క్ కొలబద్ద. విదేశాలకు సిబ్బందిని పంపే కంపెనీల అవసరాలే వీటికి ముఖ్యం. డాలరుతో పోలిస్తే రూపాయి పడిపోతే, కిరాణా బిల్లు రూపాయి కూడా తగ్గకపోయినా, భారతీయ నగరాలు జాబితాలో చవకవుతాయి. 2009లో మొదలైన నంబియో వాడకందారులు నమోదు చేసే ధరలతో నడుస్తుంది. ఏ ధర తీసుకోవాలో ఎంచేది ఆ నమోదు చేసేవాళ్లే కాబట్టి రైతుబజారు కన్నా సూపర్‌మార్కెట్ ఛాయలే అందులో ఎక్కువ. దేశాల స్థాయిలో ప్రపంచ బ్యాంకు సమన్వయంతో జరిగే పోలిక ప్రకారం 2017లో అమెరికాలో ఒక డాలరు కొనేదాన్ని భారత్‌లో రూ.20.65 కొనేది. మారకం రేటు అప్పుడు రూ.65.12.

జాబితాకెక్కనివి

ప్రభుత్వాల నిర్ణయాలు పోలికను రాత్రికి రాత్రి మార్చేస్తాయి. 2024 మార్చి తగ్గింపు తర్వాత లీటరు పెట్రోలు ఢిల్లీలో రూ.94.72, హైదరాబాద్‌లో రూ.107.41. తేడా అంతా దాదాపు రాష్ట్ర పన్నుదే. హైదరాబాద్‌లో నెలకు 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్లు ఉచితమన్నా, ఎండాకాలం ట్యాంకర్లు తెప్పించుకునే అపార్ట్‌మెంట్‌కు ఆ మాట ఊరట కాదు. ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైంది. మరోవైపు బెంగళూరు మెట్రో గరిష్ఠ టికెట్టు 2025 ఫిబ్రవరిలో 90 రూపాయలకు చేరింది. దాంతో ఒకే ఇంటి నుంచి బస్సెక్కే భార్యకూ మెట్రో ఎక్కే భర్తకూ బెంగళూరు ఖరీదు రెండు రకాలుగా ఉంటుంది.