కింది మంచం ఎవరికి?

చెప్పులు బయటే వదిలి లోపలికి రండి. మెల్లగా. గదిలో ఎనిమిది మందిమి ఉంటాం. అందులో ఇద్దరు నైట్ డ్యూటీ చేసి వచ్చి ఇప్పుడే కన్నంటించారు. టైము తెల్లవారుజాము నాలుగు. ఇక్కడ అలారం మోగదు. దిండు కింద ఫోను వణుకుతుంది, అంతే. ఎనిమిది ఫోన్లలో ఒక్కటీ కూయదు. అలా పెట్టుకోవాలని గోడ మీద ఎవరూ రాయలేదు.

కింది మంచం మీద కాక లేచి కూర్చున్నాడు. ఫోన్ టార్చి వెలిగించి, దాని మీద రెండు వేళ్లు అడ్డం పెట్టాడు. వేళ్లలోంచి ఎర్రటి వెలుతురు మంచం కాళ్ల దాకా వచ్చి ఆగింది. ఆ కాస్త వెలుగులోనే బ్రష్షు, తువ్వాల, డ్యూటీ ప్యాంటు వెతుక్కుంటాడు. తెర అవతల పడుకున్న బిహారీ భాయ్ ముఖం మీద ఒక్క గీత వెలుగు పడదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. స్విచ్చి చేతికందేంత దూరంలో ఉంటుంది, దాని జోలికి పోడు.

మేముండేది దుబాయిలో సోనాపూర్. సర్కారు కాగితాల్లో దీని పేరు ముహైస్నా 2. షార్జాకు దగ్గర. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ వైపు ఊళ్లలో ‘దుబాయ్ పోయిండు’ అని చెప్పుకునే మనుషుల్లో చాలామంది ఇక్కడి క్యాంపుల్లో తేలతారు. నేనొక బిల్డింగ్ కంపెనీలో స్టోర్‌కీపర్ని. సిమెంటు సంచుల దగ్గర్నుంచి స్క్రూల దాకా లెక్క రాసే ఉద్యోగం. ఎండలో నిలబడే పని కాదు కాబట్టి గదిలో నన్ను ‘స్టోర్ బాబు’ అని ఎగతాళి చేస్తారు.

బాత్‌రూం దాకా పోదాం. ఇది ఆగస్టు. నల్లా తిప్పి చెయ్యి పెట్టి చూడండి. పెట్టిన చెయ్యి వెనక్కి లాక్కున్నారు కదా? పగలంతా మిద్దె మీద ట్యాంకులో కాగిన నీళ్లు తెల్లవారేసరికి కూడా చల్లారవు. ఫ్లాట్లలో ఉండేవాళ్లు వేసవిలో గీజరు ఆపేసి వేడినీళ్ల నల్లా తిప్పుతారు. ఆపేసిన గీజరు ఇంటి లోపల ఉంటుంది కాబట్టి అందులో నీళ్లే నయం. క్యాంపులో ఆ సౌకర్యం లేదు. రాత్రి పడుకునే ముందు ఎవరి బకెట్ వాళ్లు నింపి గదిలో ఏసీ కింద పెట్టుకోవాలి. పొద్దుటికి ఆ నీళ్లు ఒంటి మీద పోసుకునేలా తయారవుతాయి.

నిన్న స్టాకు లెక్కలు చూసుకుని నేను వచ్చేసరికి పదకొండు దాటింది. అన్నం కూడా సగమే తిని పడిపోయాను. అయినా చూడండి, నా బకెట్ నిండి ఉంది. దుమ్ము పడకుండా పైన స్టీలు పళ్లెం బోర్లించి ఉంది. ఎవరు నింపారని అడిగితే ఎవరూ నేనని చెప్పరు. అడగడం కూడా ఇక్కడ పద్ధతి కాదు. ఎప్పుడైనా రాత్రి ఎవరి బకెట్ ఖాళీగా కనపడితే దాన్ని మనం నింపి పెట్టడం, అదే పద్ధతి.

ఊళ్లో ఇవన్నీ లెక్కలోకి రావు. స్నానానికి నీళ్లు తోడి పెడతారు, సద్ది కడతారు, లేపుతారు. వాళ్లు చెయ్యాల్సిందే, మనం పొందాల్సిందే అన్నట్టు బతికేస్తాం. ఇక్కడ ఎవరికీ ఎవరూ ఏమీ కారు. ఇంత నీళ్లు పెట్టకపోయినా నిన్నెవరూ మాట అనరు. ఆ మాట అనరని తెలిసీ పెట్టిన నీళ్లు కాబట్టి మొదటి చెంబు నెత్తిన పోసుకున్నప్పుడు ఎవరి మీదో తెలియని ఇష్టం ఒకటి పుడుతుంది.

వంటగది వైపు పొగను బట్టి పోవచ్చు. వరసగా గ్యాస్ పొయ్యిలు. ప్రతి పొయ్యి మీదా ఒక దేశం. అటు మూలన పెషావర్ డ్రైవర్ చాయ్ మరిగిస్తున్నాడు, ఇటు నేపాలీ భాయ్ పప్పు తాలింపు పెడుతున్నాడు. మా మెస్సులో ఇవాళ వంట వంతు సిరిసిల్ల తమ్మిది. కోడిగుడ్డు పులుసు. మధ్యాహ్నానికి సద్ది కట్టాలంటే ఇప్పుడే దింపాలి.

“ఉప్పు చూడన్నా, ఎక్కువైందా?”

“ఎక్కువైతే ఏం చేస్తవ్? పొయ్యి దించు, బస్సు పోతది.”

పొయ్యి పక్క అరుగు మీద మూత గట్టిగా బిగించిన ప్లాస్టిక్ డబ్బా ఒకటుంది, చూశారా? దాని చుట్టూ నాలుగు పొరల కవర్లు, వాటి మీద బ్రౌన్ టేపు. మామిడికాయ తొక్కు. ఈ వారమే వచ్చింది. మా ఫ్లోరులో ఒకతను సెలవు ముగించుకుని వచ్చాడు. ముప్పై కిలోల లగేజీలో తన బట్టలు ఒక మూలకే. మిగతాదంతా ఇతరుల ఇళ్ల నుంచి ఎత్తుకొచ్చిన పొట్లాలు. ప్రతిదాని మీదా బాల్ పెన్నుతో పేరు, గది నంబరు. ఎయిర్‌పోర్టులో కాటా మీద బరువు ఎక్కువైందన్నారట. ఏం తీసేశాడు? తన బూట్లు, తన దుప్పటి. పొట్లాలు మాత్రం ఒక్కటీ తీయలేదు. ఎవరింటి పొట్లం తీసేయాలో తేల్చుకోలేకపోయాడని చెప్పి నవ్వాడు.

నాకు మా అమ్మ సకినాలు పంపింది. పాత పేపర్లో చుట్టి, స్టీలు డబ్బాలో సర్ది పంపింది. ఇక్కడికి చేరేసరికి ఒక్కటి కూడా గుండ్రంగా మిగల్లేదు. నువ్వులు, వాము, బియ్యప్పిండి పలుకులు, అన్నీ కలిసిన నూక. స్పూనుతో తింటున్నాం. పెషావర్ డ్రైవర్‌కి ఒక గుప్పెడు పోస్తే నోట్లో వేసుకుని, ఇది పొడిగానే చేస్తారా అని అడిగాడు. అవునన్నాం. ఎవరు విప్పి చెప్తారు అదంతా!

బస్సు ఐదింటికి. కిటికీ పక్కన కూర్చోండి. మీ పక్క సీట్లో ఉన్నవాడు రెండు నిమిషాల్లో నిద్రపోతాడు, తల మీ భుజం మీదికి వాలుతుంది. నెట్టకండి. ఈ బస్సులో తలలు వాలడం, భుజాలు ఓర్చుకోవడం రోజూ ఉన్నదే. ఆరు కావస్తుండగా తెల్లారుతుంది. దుమ్ము, ఉక్క కలిసిన బూడిదరంగు వెలుగులో దూరంగా బుర్జ్ ఖలీఫా. 828 మీటర్లు. కొత్తగా వచ్చినవాళ్లు అద్దంలోంచి ఫోటో తీస్తారు. పాతవాళ్లు కళ్లు కూడా తెరవరు.

పొద్దుటి పని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కాంక్రీటు, కడ్డీ, అరుపులు. పన్నెండున్నరకు విజిల్ పడుతుంది, అప్పుడు నాతో కిందికి రండి. రెండో బేస్‌మెంట్. సైటు మొత్తంలో కాస్త చల్లగా ఉండే చోటు ఇదొక్కటే. కార్లు పెట్టాల్సిన చోట మనుషులు వరసగా పడుకుంటారు. కింద అట్టలు. టైల్స్ డబ్బాల అట్టలు మందం, ఏసీ డబ్బాల అట్టలు వెడల్పు. నడుం నొప్పి ఉన్నవాడు టైల్స్ అట్ట అడుగుతాడు, పొడుగు మనిషి ఏసీ అట్ట అడుగుతాడు. స్టోర్లో డబ్బా విప్పినప్పుడల్లా అట్టలు చింపకుండా మడిచి పక్కన పెట్టమని నా దగ్గరి కుర్రాడికి చెప్పి ఉంచాను. బూట్లే తలగడలు.

మెట్ల మీద అడుగుల చప్పుడు విన్నారా? సేఫ్టీ ఆఫీసర్. ఈజిప్టు మనిషి. పొద్దున్నుంచీ హెల్మెట్ పెట్టుకోలేదని, బెల్టు తగిలించలేదని అందర్నీ ఉతికి ఆరేసినవాడు. ఆఖరి మెట్టు దగ్గర ఆగి, నడుముకున్న వాకీటాకీ గొంతు తగ్గించాడు. వరసల మధ్య నుంచి ఒక్కొక్కరినీ చూసుకుంటూ నడిచాడు. ఎండదెబ్బ తగిలినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని చూడడం అతని డ్యూటీ. వాకీటాకీ తగ్గించడం మాత్రం డ్యూటీలో లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఈ దేశం చట్టం. మీరితే మనిషికి 5,000 దిర్హమ్‌ల చొప్పున, 50,000 దాకా జరిమానా. ఈ రెండున్నర గంటల విశ్రాంతికి నేను ఎవరికీ దండం పెట్టను. అది మాకు రావాల్సింది. ఉన్నదాంతో తృప్తి పడమని, దొరికినదానికి సంతోషించమని పెద్ద జీతగాళ్లు చెప్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంతకు ముందు నేను పనిచేసిన కంపెనీ, పేరెందుకులెండి, నెలల తరబడి జీతం ఆపింది. అప్పుడు కూడా మేనేజరు మాతో అన్నది అదే, కనీసం తిండి పెడుతున్నాం కదా అని. రావాల్సింది అడిగి తీసుకోవాలి. సంతోషం అడగకుండా వచ్చినదాని కోసం దాచుకోవాలి. రెండూ కలిపేస్తే లాభపడేది కంపెనీయే.

అడగకుండా వచ్చింది అంటే ఏమిటో చెప్తాను. 2024లో ఇక్కడి సర్కారు ఆమ్నెస్టీ ఇచ్చింది. సెప్టెంబర్ ఒకటి నుంచి డిసెంబర్ ఆఖరు దాకా, వీసా గడువు దాటిపోయి ఉన్నవాళ్లు జరిమానా కట్టకుండా ఇంటికి పోవచ్చని. మా పక్క బిల్డింగులో నిర్మల్ వైపు అతను ఒకడు బయటికి రాకుండా ఏళ్లుగా దాక్కుని బతికాడు. కాగితాలు అయ్యాయి గానీ టికెట్టుకి డబ్బుల్లేవు. రాత్రి ఒక ప్లాస్టిక్ డబ్బా గది గదికీ తిరిగింది. అది పట్టుకు తిరిగిన పిల్లవాడు పంజాబ్ వాడు, మా భాష ఒక్క ముక్క రాదు. డబ్బా మూతకు చీలిక ఒకటే ఉంది. ఎవరు ఎంత వేశారో కనపడకుండా అలా చేశారు.

సాయంత్రం. సైటు ఉన్నది అల్ బర్షా వైపు. బస్సు ఎక్కే మలుపు దాకా విల్లాల పక్కగా నడవాలి. ఐదు దాటినా చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్క. ఆ తెల్లగోడ దగ్గర ఆగండి. ప్రహరీకి బయటివైపు ఒక స్టీలు కూలర్, పైన చిన్న రేకు కప్పు, రెండు నల్లాలు. ఈ ఊళ్లో ఇలాంటివి వీధివీధినా ఉంటాయి, మసీదుల దగ్గరా ఉంటాయి. సబీల్ అంటారు. నోరు పెట్టి తాగి చూడండి, పళ్లు జివ్వుమంటాయి. ముందు నిలబడ్డ డెలివరీ కుర్రాడు హెల్మెట్ తీసి నెత్తి తడుపుకుని, సీసా నింపుకుని, వెనక మిమ్మల్ని చూసి పక్కకి జరిగాడు. కూలర్ మీద అరబ్బీలో ఒక పలక. చనిపోయిన తల్లి పేరు మీద పెట్టించారట, తాగినవాళ్లు ఆమె కోసం ఒక్క దువా చేయమని ఉందట. మా సేఫ్టీ ఆఫీసర్ చదివి చెప్పాడు. ఫిల్టరు మార్చిన తేదీ స్టిక్కర్ మీద కొత్తగా ఉంది. ఆ ఇంటివాళ్లను నేనెప్పుడూ చూడలేదు. గేటు తెరుచుకున్నప్పుడు కారు అద్దాలు నల్లగా ఉంటాయి. కానీ ఎవరో తేదీ గుర్తుపెట్టుకుని ఫిల్టరు మారుస్తున్నారు.

నీళ్లలాగే రొట్టె కూడా. 2022 సెప్టెంబర్‌లో ఇక్కడి కొన్ని సూపర్ మార్కెట్ల దగ్గర ఉచితంగా వేడి రొట్టె ఇచ్చే మిషన్లు పెట్టారు. ఎవరు, ఎందుకు అని అడగదు ఆ మిషను. పనిపోయిన నెలలో దాని ముందు నిలబడ్డ మనుషులు నాకు తెలుసు. అడగకపోవడమే వాళ్లకు రొట్టెకన్నా ఎక్కువ కడుపు నింపిందని ఒకతను అన్నాడు.

ఎనిమిదింటికి ఇంటికి ఫోను. అక్కడ తొమ్మిదిన్నర. ఇక్కడ వాట్సాప్ కాల్ పోదు, బోటిం అనే యాప్ పెట్టుకున్నాం. అమ్మ ముందు ఒక్కటే అడుగుతుంది.

“తిన్నవా బిడ్డా? ఏం కూర?”

“కోడిగుడ్డు పులుసు.”

“మొన్న గూడ గదేనాయె?”

తర్వాత మా ఆవిడ ఫోను తీసుకుని వంటింట్లో బియ్యం డబ్బాకు ఆనించి పెడుతుంది. ఆమె పని ఆమెది. మాకు మాట్లాడుకోవడానికి రోజూ ఏముంటాయి? గిన్నెలు కడుగుతున్న చప్పుడు, ముందరింట్లో టీవీ సీరియల్ ఏడుపు, మా వాడు ఎక్కం తప్పు చదివితే వాళ్ల నానమ్మ కసిరిన కేక. స్క్రీన్ మీద కనపడేది గోడ, దాని మీద క్యాలెండరు. నేను ఇవతల చొక్కా ఉతుక్కుంటూ వింటాను. అరగంట అలాగే నడుస్తుంది. పెట్టేస్తానని ఎవరో ఒకరు అనేదాకా.

ఇవాళ మాత్రం త్వరగా పెట్టేశాను. రేపు ఆదివారం, డ్యూటీ లేదు. పైగా గదిలో పెద్ద పంచాయితీ ఉంది. కాక వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్లిపోతున్నాడు, ఇక రాడు. ఆయన సామాను పంచాలి. కుక్కర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, చిన్న టేబుల్ ఫ్యాను, దుప్పటి. అన్నిటికన్నా ముఖ్యం కింది మంచం. దానికి తెర ఉంది, తల పక్కనే ప్లగ్గు ఉంది, డ్యూటీ నుంచి వచ్చాక ఎక్కే బాధ లేదు. వరస ప్రకారం అది నేపాలీ భాయ్‌కి పోవాలి. నాకన్నా ముందొచ్చినవాడు, పగలంతా బ్లాకులు మోసేవాడు.

కాక గొంతు సవరించుకున్నాడు.

“కింది మంచం స్టోర్ బాబుకియ్యండి. కూసొని కూసొని పొట్ట పెరిగింది. ఆయన పైకెక్కినప్పుడల్లా కింద నా నిద్ర పోతుంది. రేపు నేను పోయినంక ఇంకోని నిద్ర ఎందుకు పోవాలె?”

గదంతా గొల్లుమంది. నేపాలీ భాయ్‌కి ఎవరో హిందీలో చెప్పారు. అతను నవ్వి, “ఊపర్ ఠీక్ హై, ఏసీ సీధా లగ్‌తా హై” అన్నాడు. పైనే బాగుందట, ఏసీ నేరుగా తగులుతుందట. ఏసీ ఉన్నది అవతలి గోడకు. పైన ఉక్కపోస్తుందని ఆ గదిలో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు. నేను వద్దనబోతుంటే అతను అప్పటికే స్పానర్ తీసి, వదులైన తెర కడ్డీ బోల్టు బిగిస్తున్నాడు.

కుక్కర్ సంగతి తేలలేదు. సిరిసిల్ల తమ్మి మెస్సుకు కావాలంటాడు, బిహారీ భాయ్ దానికి రబ్బరు తనే వేయించానంటాడు. ఇద్దరి గొంతూ పెరిగింది. నైట్ డ్యూటీకి తయారవుతున్నవాడు ఇంకో కుక్కర్ కొనుక్కుని చావమన్నాడు. కాక చెరో చెయ్యి పట్టుకుని చూశాడు, చివరికి కుక్కర్ ఎత్తి తన సూట్‌కేసులోనే పెట్టేశాడు.

“మా ఇంటిది ఎట్లాగూ పాతదైంది.”