లాస్ ఏంజిలిస్ పొగలో పుట్టిన లైటు

డాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఇంజన్ బొమ్మ వెలిగిందంటే ఎంత ధైర్యస్తుడైనా బండిని షెడ్డుకు తోలుకొస్తాడు. "చెక్ లైటు వచ్చింది, పికప్ పోయింది" అని ఒకే ఊపిరిలో చెబుతాడు. రెండూ ఒకటే జబ్బని అతని లెక్క. చాలాసార్లు ఆ లెక్క సరిపోతుంది. సరిపోనప్పుడే కస్టమరు జేబుకు చిల్లు పడుతుంది. ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు చెప్పినన్నాళ్లూ నేను స్కానరు పట్టుకోవడం కంటే ముందు ఈ లైటు ఎందుకు పుట్టిందో చెప్పేవాణ్ణి. బండి లాగుతుందా లేదా అని చూడ్డానికి దీన్ని పెట్టలేదు. బండి వదిలే పొగను కాపలా కాయడానికి పెట్టారు.

1943 జూలైలో లాస్ ఏంజిలిస్‌ను పొగ కమ్మేసింది. జనం కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. యుద్ధం రోజులు కాబట్టి జపాన్ విషవాయువు వదిలిందని భయపడ్డవాళ్లూ ఉన్నారు. అసలు సంగతి పట్టుకున్నది హాగెన్-స్మిట్ అనే డచ్ రసాయన శాస్త్రవేత్త. కాల్‌టెక్‌లో అనాసపండు వాసన ఎక్కణ్ణుంచి వస్తుందని పరిశోధిస్తూ ఉన్న మనిషి. కార్ల నుంచి, రిఫైనరీల నుంచి వచ్చే కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్ పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో తేల్చాడు. 1967లో కాలిఫోర్నియా గాలి కోసమే ఒక బోర్డు పెట్టుకుంటే, దానికి మొదటి ఛైర్మన్ ఆయనే.

1975 మోడళ్ల నుంచి అమెరికా కార్లలో చాలావాటికి సైలెన్సరు దారిలో కేటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. ఆ తర్వాత పొగలోని మూడు రకాల విషాలనూ ఒకేసారి విరిచే కన్వర్టర్ వచ్చింది. దానికి ఒక పట్టుదల ఉంది: ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి, బరువు లెక్కన, దాదాపు కచ్చితంగా ఉండాలి. మామూలు కార్బురేటర్‌కు అంత నిలకడ ఎక్కడిది? అందుకని పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సారు, దాని మాట విని పెట్రోలు సర్దే కంప్యూటరు వచ్చాయి. ఆ సెన్సారు చెడితే బండి ఆగదు. కాస్త ఎక్కువ తాగుతూ, ఎక్కువ విషం కక్కుతూ నడుస్తూనే ఉంటుంది, తోలేవాడికి తెలియదు. తెలియజెప్పడానికే లైటు.

1980ల తొలినాళ్ల జనరల్ మోటార్స్ కార్లలో లోపం కోడు చదవడానికి స్కానరు కూడా అక్కర్లేదు. స్టీరింగు కింద ఉన్న సాకెట్‌లో రెండు పిన్నులను తీగముక్కతో కలిపి తాళం తిప్పితే లైటు ఒకసారి మెరిసి, ఆగి, రెండుసార్లు మెరిసేది. అది 12. ఇంజన్ తిరగడం లేదు, నేను మేలుకునే ఉన్నాను అని కంప్యూటరు చెప్పే మాట. ఆ తర్వాత అసలు కోడు. 1988 మోడళ్లకు కాలిఫోర్నియా ఈ ఏర్పాటును తప్పనిసరి చేసింది. అయినా కంపెనీకో సాకెట్, కంపెనీకో కోడు. 1996 మోడళ్ల నుంచి అమెరికా అంతటా ఒకటే 16 పిన్నుల సాకెట్. అప్పట్నుంచి పి0301 అంటే ఏ కంపెనీ కారులోనైనా మొదటి సిలిండరు మిస్సింగ్ కొడుతోందనే.

అదే 1980లలో మన అంబాసిడర్‌కూ పద్మినికీ మేస్త్రి చెవే స్కానరు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ బ్లాకుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడు. పికప్ లేదంటే ఇంజన్ ఆడుతుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే గుడ్డతో పట్టి లాగేవాడు. ఏ వైరు పీకినా ఇంజన్ చప్పుడు కుంగాలి. ఏది పీకితే కుంగలేదో ఆ సిలిండరు అప్పటికే చచ్చింది. తర్వాత ప్లగ్గు విప్పి వెలుగులో తిప్పి చూసేవాడు. ముక్కుపొడి రంగులో ఉంటే సరే, మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా కాలి ఉంటే తక్కువ. ఆ చేతులను నేను ఇప్పటికీ గౌరవిస్తాను. అక్కడ అనుమానానికీ రుజువుకూ మధ్య అడ్డదారి లేదు.

సుప్రీంకోర్టు 1999లో ఢిల్లీ ప్రాంతానికి యూరో పొగ నిబంధనలు పెట్టాక కార్బురేటర్ కార్ల కాలం చెల్లిపోయి, సెన్సార్లూ కంప్యూటరూ ఉన్న కార్లు వచ్చాయి. 2010లో హైదరాబాదుతో కలిపి 13 నగరాలకు బీఎస్-4 (భారత్ స్టేజ్) పొగ నిబంధన వచ్చింది, 2020 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్-6. లాస్ ఏంజిలిస్ గాలి కోసం పుట్టిన లైటు విజయవాడ ఆటోనగర్ షెడ్లలోకి రోజువారీ పనిగా వచ్చింది ఇలాగే.

నా పాత విద్యార్థి షెడ్డుకు ఒక పెట్రోలు కారు వచ్చింది. లైటు వెలుగుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదు. కోడు పి0171, అంటే పెట్రోలు చాలడం లేదని. అంతకుముందు ఎవరో ఆక్సిజన్ సెన్సారు మార్చి డబ్బు తీసుకున్నారు. వారంలో లైటు మళ్లీ వచ్చింది.

"సార్, సెన్సారు కొత్తదే. మళ్లీ అదే కోడు."

"ఫ్యూయల్ ట్రిమ్ ఎక్కడ చూశావురా? ఐడిలింగ్‌లోనా, లోడు మీదా?"

కోడు ఇచ్చిన సెన్సారు నేరం చూసి కేకేసిన సాక్షి. చాలామంది దాన్నే పట్టుకుని శిక్షిస్తారు. ట్రిమ్ అంటే కంప్యూటరు పెట్రోలును ఎంత శాతం పెంచి, తగ్గించి సర్దుతోందనే లెక్క. ఎక్కడో గాలి లీకై ఉంటే ఐడిలింగ్‌లో ట్రిమ్ బాగా ఎక్కి, రేజ్ చేసినకొద్దీ దిగుతుంది. ఈ బండికి ఐడిలింగ్‌లో 2 శాతమే. పెట్రోలు ప్రెషర్ గేజీని వైపర్ దగ్గర టేపుతో కట్టి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కించాం. ఎక్సలేటర్ నొక్కేకొద్దీ ట్రిమ్ 20 దాటింది, గేజీ ముల్లు కిందికి జారింది. ట్యాంకులో పంపు అడుగున ఉన్న జల్లెడ నల్లటి మడ్డితో మూసుకుపోయి ఉంది.

క్లచ్ ప్లేటు అరిగి జారినా, బ్రేకులు పట్టేసినా బండి లాగదు. అప్పుడు మాత్రం ఈ లైటు వెలగదు, ఎందుకంటే పొగలో తేడా ఉండదు. ఇక లైటు నిలకడగా కాకుండా టపటపా కొట్టుకుంటే సిలిండరు గట్టిగా మిస్సింగ్ కొడుతోందని అర్థం. కాలని పెట్రోలు వెళ్లి కన్వర్టర్‌లో మండి దాన్ని కరిగించేస్తుంది. షెడ్డు దాకా తోలుకొద్దామని చూడకండి. రోడ్డు పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి, మెకానిక్‌నే అక్కడికి రమ్మనండి.