శంఖమూ, ఈటె

విలియం గోల్డింగ్ నవల 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' 1954లో వెలువడింది. మనుషులు లేని దీవిలో చిక్కుకున్న ఇంగ్లీషు పిల్లలు క్రమంగా ఒకరినొకరు వేటాడుకునే స్థితికి చేరడం దాని ఇతివృత్తం. సమాజపు లోపాలకు మూలాన్ని మానవ స్వభావపు లోపాల్లో చూపడమే తన ఉద్దేశమని గోల్డింగే చెప్పాడు. విమర్శకుల్లో చాలామంది ఆ మాటనే పట్టుకుని నవలను చదివారు. రచయిత చెప్పిన తాత్పర్యాన్ని కాసేపు పక్కన పెట్టి, రచన ఏం చూపుతున్నదో పరిశీలించాలి.

ఈ నవల శూన్యంలోంచి పుట్టలేదు. బాలంటైన్ రాసిన 'ది కోరల్ ఐలాండ్' 1857 నాటిది; మన దేశంలో సిపాయిలు తిరగబడిన సంవత్సరమది. అందులోనూ రాల్ఫ్, జాక్ ఉన్నారు. వాళ్లు దీవిలో హాయిగా, ధర్మంగా బతుకుతారు. క్రూరత్వమంతా దీవుల్లోని స్థానికులదీ, సముద్రపు దొంగలదీ. సామ్రాజ్యం తన గురించి తాను చెప్పుకున్న కథ అది. నౌకాదళంలో పనిచేసి, 1944 నార్మండీ దాడిని చూసి వచ్చిన బడిపంతులు గోల్డింగ్ ఆ కథను నమ్మలేకపోయాడు. క్రూరత్వం మనలోనే ఉందన్నాడు. అంతవరకు ఆయన చేసింది మేలే. అయితే ఆ 'మనం'లో ఎవరెవరున్నారు?

దీవిలో పిల్లలు ఓట్లువేసి రాల్ఫ్‌ను ఎన్నుకుంటారు. శంఖం చేతిలో ఉన్నవాడు మాట్లాడాలి, తక్కినవాళ్లు వినాలి: అతని పాలనకు ఇదే రాజ్యాంగం. మంట ఆరకూడదు, గుడిసెలు వేసుకోవాలి. జాక్ వచ్చేదే నల్లటి అంగీలు తొడిగిన గాయక బృందాన్ని కవాతు చేయిస్తూ. బృందానికి తాను పెద్దననీ, పై స్వరంలో పాడగలననీ చెప్పి నాయకత్వం కోరతాడు, ఓడిపోతాడు. అతని ముఖం చిన్నబోవడం చూసి, బృందం నీదేనంటాడు రాల్ఫ్. వాళ్లు వేటగాళ్లవుతారు.

విషాదానికి బీజం ఇక్కడ పడింది. సభ అదుపులో లేని సాయుధ బలగం సభ పక్కనే నిలబడింది. శంఖం ఒకరి చేతిలో, ఈటె మరొకరి చేతిలో. వేట మోజులో మంటను ఆరిపోనిస్తారు. దూరాన ఓడ వెళ్లిపోతుంది. మాంసం పంచేవాడి వైపు పిల్లలు చేరతారు. మృగం ఉందన్న భయాన్ని పిగ్గీ తర్కంతో తొలగించజూస్తాడు. జాక్ దాన్ని పెంచి పోషిస్తాడు. ఆ భయం తీరితే జాక్‌తో పనేముంది? 1933 జనవరిలో జర్మన్ సంప్రదాయవాదులు హిట్లర్‌ను అదుపులో పెట్టుకోగలమనుకుని ఛాన్సలర్‌ను చేసిన చరిత్ర ఇక్కడ గుర్తుకు రాక మానదు.

రాల్ఫ్‌ను ఆదర్శ నాయకుడనడం కూడా పొరపాటే. అతను నౌకాదళ కమాండర్ కొడుకు. పిగ్గీ మిఠాయి దుకాణం నడిపే అత్త పెంపకంలో పెరిగినవాడు. అతని మాటతీరు కింది తరగతిది. అందరికన్నా తెలివైనవాడైనా నాయకుడిగా అతని పేరు ఎవరికీ తట్టదు. చెప్పొద్దన్న ఎగతాళి పేరును అందరిలో బయటపెట్టింది రాల్ఫే. ఈ పిల్లలు దీవికి ఖాళీ చేతులతో రాలేదు. హోదాలనూ కవాతునూ వెంట తెచ్చుకున్నారు.

రోజర్‌ను చూడండి. మొదట్లో ఒక చిన్నవాడి మీదికి రాళ్లు విసురుతూ, తగలకుండా పక్కకే వేస్తాడు. పాత జీవితపు కట్టుబాటు అతని చేతిని ఆపుతుంది. జాక్ ఏలుబడిలో ఆ చెయ్యే బండను దొర్లించి పిగ్గీని చంపుతుంది; శంఖం ముక్కలవుతుంది. స్వభావం అదే, పాలన మారింది. గోల్డింగ్ ప్రకటించిన సిద్ధాంతం కన్నా ఆయన కళ నిజాయితీగా చెప్పిన సంగతి ఇది.

1965లో టోంగాకు చెందిన ఆరుగురు బడిపిల్లలు పడవలో పారిపోయి, సముద్రంలో కొట్టుకుపోయి, అటా అనే నిర్జన దీవికి చేరారు. ఆస్ట్రేలియా నావికుడు పీటర్ వార్నర్ 1966లో కనుగొనేదాకా, సుమారు 15 నెలలు అక్కడే బతికారు. పనులను వంతులు వేసుకున్నారు, మంటను ఆరనివ్వలేదు. తగవుపడ్డవాళ్లు విడిగా వెళ్లి, కోపం చల్లారాక తిరిగి వచ్చేవారు. కాలు విరిగినవాడికి కట్టుకట్టి నయం చేశారు. వాళ్లు ముందునుంచీ స్నేహితులు, ఆరుగురే. ఈ ఒక్క సంఘటన నవలను కొట్టివేయదు. మనిషి ఇంతే అన్న తీర్పును మాత్రం ప్రశ్నిస్తుంది.

అటా దీవి నిర్జనం కావడానికీ చరిత్ర ఉంది. 1863లో బానిస వ్యాపారుల ఓడ ఒకటి అక్కడి జనంలో వందమందికి పైగా ఎత్తుకుపోయింది. మిగిలినవారిని టోంగా రాజు మరో దీవికి తరలించాడు. మృగం అక్కడికి ఓడలో వచ్చింది.

గోల్డింగ్ నవలలోనూ చివరికి ఒక యుద్ధనౌక వస్తుంది. బ్రిటిష్ పిల్లలు ఇంతకన్నా బాగా మెలగాల్సిందంటాడు దాని అధికారి. పిల్లల వేటను ఆపిన ఆ మనిషి పెద్దల వేటకు తిరిగి వెళ్లవలసినవాడే. ప్రజలు తమను తాము పాలించుకోలేరని చెప్పదలచినవారికి 'మానవ స్వభావం' ఎప్పుడూ అక్కరకొచ్చే మాట. ఈ నవల చదివే విద్యార్థి ఆ మాటకు ముందు మరో ప్రశ్న వేసుకోవాలి: ఈటెను ఎవరు, ఎవరి అనుమతితో, ఎవరి చేతికిచ్చారు?