తోలుపై రూపచిత్రణము: మరాఠీ యింట తెలుగు రామకథ

ప్రాణహితా గోదావరీ తీరములలో, మహారాష్ట్రమునందలి గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో పలు గ్రామములు కలవు. గోదావరికి ఆవలి యొడ్డున కాళేశ్వరము. 1860లో ఈ సీమ నిజాము చేతినుండి ఆంగ్లేయుల పాలనలోనికి పోయినది. 1874లో చాందా జిల్లాలో కలిసినది. 1982లో గడ్చిరోలి జిల్లా యేర్పడగా దానిలో చేరినది. పాలకులు మారిరి, జిల్లాలు మారినవి. ఇండ్లలో తెలుగు పలుకు మాత్రము నిలిచినది.

దీనికి ప్రతిబింబము వంటి వృత్తాంతము ఆంధ్రదేశముననే కలదు. మరాఠీని ఇంటిభాషగా నిలుపుకొని, తెలుగు రామకథను తోలుపై చిత్రించి ఆడించినవారు తోలుబొమ్మలాట కుటుంబములవారు. ఆరె కాపులని పేరొందిన వీరిలో అనేకులు నేటికిని తమలో తాము మరాఠీ మాండలికమునే మాటాడుకొందురు.

ఈ కళ ప్రాచీనమైనది. పదమూడవ శతాబ్దివాడగు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తోలుబొమ్మల ప్రసక్తి చేసెను. కావున ఆట ప్రాచీనత వేరు, నేడు దానిని పోషించుచున్న కుటుంబముల రాక వేరు. ఈ రెంటిని కలిపివేయుట చరిత్రకు మేలు కాదు.

గోడ, గుడ్డ, కాగితము చిత్రకారునికి అలవాటైన ఆధారములు. తోలు అట్టిది కాదు. పచ్చితోలును వేడినీట నానవేసి, వెండ్రుకలు గీకి, బిగించి ఆరబెట్టినచో అది వెలుతురు చొచ్చు పలుచని పొరయగును. పూర్వము దేవతారూపములకు జింకతోలును, ఇతరములకు మేకతోలును ఎక్కువగా వాడెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత మేకతోలే ప్రధానమైనది.

ఇనుప మొనతో రూపరేఖను గీసి, అంచులు కత్తిరించి, చిన్న ఉలులతో రంధ్రములు పొడుతురు. కిరీటము, హారము, వడ్డాణము రంగువలన కంటె ఈ రంధ్రములవలననే రూపొందును. ఉలి ఒక్కపరి జారినచో చెదరిన గీతను మాన్పుట దుర్ఘటము. తరువాత తోలుకు రెండు వైపుల రంగు పూయుదురు. నలుపునకు దీపపు మసి పూర్వపు సాధనము. చేతులు మొదలగు అంగములను విడిగా చేసి, కదలునట్లు దారముతో ముడివేసి, నడుమ చీల్చిన వెదురుబద్దను నిలుపుదురు. ఆంధ్ర బొమ్మలు నాలుగైదు అడుగుల యెత్తు కలవి కావున ఒక్కొక్క రూపమునకు ఒకటికంటె ఎక్కువ తోళ్లు పట్టుటయు కలదు.

అయినను రూపము అప్పటికిని అసంపూర్ణమే. తెల్లని తెర వెనుక ఆముదపు దీపము వెలిగినప్పుడే నీలవర్ణుడగు రాముడు ప్రకాశించును, రంధ్రములు రత్నములగును. తోలు, రంగు, దారము, వెదురు, వెలుగు: ఈ యైదును కలిసినప్పుడే చిత్రము పూర్తియగును.

తెర వెనుక గొంతు మాత్రము తెలుగుదే. గోన బుద్ధారెడ్డి పేర వెలసిన రంగనాథ రామాయణములోని ద్విపదలు వీరి పాటకు ఆధారము. జుట్టుపోలిగాడు, బంగారక్క పలికెడి హాస్యము పల్లెప్రజల వాడుక తెలుగే.

ధర్మవరము సమీపమునందలి నిమ్మలకుంట నేడు ఈ కళకు పేరొందిన స్థానము. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ పొందిరి. కాని రాత్రులు తెల్లవార్లు సాగిన ఆటలు అరుదైనవి. అదే తోలు, అదే ఉలి ఇప్పుడు దీపపు గుడారులు, గోడ అలంకారములు చేయుచున్నవి. వానివలన చేతిపని బ్రదుకుచున్నది. పాటయు మాటయు లేని బొమ్మకు మాత్రము సగము ప్రాణమే.

మరాఠీ మాటాడు ఇండ్లు తెలుగు కథను తరతరములుగా కాపాడినవి. మహారాష్ట్రములోని తెలుగు ఇండ్లకు ఇది గ్రహింపదగిన విషయము. సరిహద్దు భూమిని విభజించును. పాటను నేర్చుకొన్నవాని కంఠమును విభజింపజాలదు. తోలు చినిగినచో మరియొకటి దొరకును. పాట మరచినచో దానికి బదులు లేదు.