కవుల కంటే ముందు గెలిచిన చరిత్ర

తెలుగుకు కేంద్ర సాహిత్య అకాడమీ ఇచ్చిన మొట్టమొదటి పురస్కారం కవిత్వానికి రాలేదు, కథకూ నవలకూ రాలేదు. 1955లో అది సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు, 1953లోనే కన్నుమూశారు. ఇంకో తమాషా ఏమిటంటే, నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్నవాళ్ల నోరు మూయించడానికి 354 మందిని ‘గోలకొండ కవుల సంచిక’లోకి చేర్చిందీ ఈయనే. కవుల తరఫున అంత వాదించిన మనిషికి జాతీయ గౌరవం తెచ్చింది మాత్రం వచనంలో రాసిన చరిత్ర. ఏదో ఒక్క ఏడాది అలా జరిగిపోయిందనుకుందామా అంటే తర్వాతి జాబితా ఒప్పుకోదు. 1956లో బులుసు వెంకటేశ్వర్లు ‘భారతీయ తత్త్వశాస్త్రము’, 1957లో చిరంతనానందస్వామి రాసిన రామకృష్ణ పరమహంస జీవిత చరిత్ర, రెండేళ్ల విరామం తర్వాత 1960లో పోణంగి శ్రీరామ అప్పారావు ‘నాట్యశాస్త్రము’, 1961లో బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’. 1962లో ‘విశ్వనాథ మధ్యాక్కరలు’ గెలిచేదాకా కవిత్వం గడప బయటే నిలబడింది.

సాహిత్య పురస్కారాన్ని శాస్త్రగ్రంథాలకు ఇవ్వడమేమిటని ఎవరైనా అడగవచ్చు. సురవరం పుస్తకమే దానికి జవాబు. రాజుల వంశావళిని పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అన్నది ఆయన కావ్యాల్లోంచే తవ్వి తీశారు. కాకతీయుల కాలం గురించి చెప్పడానికి పాల్కురికి సోమనాథుణ్ణి సాక్ష్యానికి పిలిచారు. ‘క్రీడాభిరామం’ పట్టుకుని ఓరుగల్లు వీధుల్లోకి, పూటకూళ్ల ఇంటికి, కోడిపందేల దగ్గరికి తీసుకెళ్లారు. కవి అతిశయోక్తి చెబుతాడు, అతని మాట చరిత్రకు సాక్ష్యమవుతుందా? రాజు గురించైతే అనుమానించాల్సిందే. కానీ పూటకూళ్ల ఇంటి వంటకాల గురించి అబద్ధమాడి కవి బావుకునేదేమీ లేదు. సాహిత్యాన్ని ఇంత శ్రద్ధగా చదివిన పుస్తకం సాహిత్యం కాకుండా ఎలా పోతుంది?

ఆ తర్వాతి దశాబ్దాల్లో పురస్కారం ఎక్కువగా కవుల, కథకుల వైపే నడిచింది. ఓరుగల్లు ప్రాంతంలోని చినగూడూరులో పుట్టిన దాశరథికి 1974లో వచ్చింది కవిత్వానికే. పండితులు అప్పుడప్పుడు గెలిచారు: 1986లో జి.వి. సుబ్రహ్మణ్యం, 1988లో రా.రా. నష్టం పండితులది కాదు, పాఠకులది. మామూలు చదువరి ఇష్టంగా చదివే పరిశోధన వచనం తగ్గి, దాని స్థానంలో పట్టా కోసం రాసే సిద్ధాంత వ్యాసం పెరిగింది. 1976లో వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడే నాటికే ఈ విడాకులు దాదాపు పూర్తయ్యాయి. 2004లో ఈ ఊరి అర్థశాస్త్ర అధ్యాపకుడు అంపశయ్య నవీన్‌కు ‘కాలరేఖలు’ పురస్కారం తెచ్చినప్పుడు, తెలంగాణ చరిత్ర నవల వేషంలో వచ్చింది. అలాంటి వేషం లేకుండా పరిశోధన వచనమే గెలిచింది 2013లో, కాకతీయ తెలుగు ఆచార్యులు కాత్యాయనీ విద్మహే వ్యాసాలు ‘సాహిత్యాకాశంలో సగం’తో. విమర్శ సృజనపై ఆధారపడి బతికేదే కదా, దానికి వేరే గౌరవం దేనికన్న వాదం ఇక్కడ నిలవదు. రాజుల చరిత్రలో కనిపించని జనాన్ని సురవరం కావ్యాల్లో వెతికినట్టే, ఆమె సాహిత్య చరిత్రలో కనిపించని స్త్రీలను వెతికారు. ఆ వెతుకులాట లేకపోతే ఆ రచయిత్రుల లెక్క తేలేది కాదు. మరుసటి ఏడాది పురస్కారమూ రాచపాళెం చంద్రశేఖరరెడ్డి విమర్శకే వెళ్లింది.