కనబడని ప్రత్యర్థితో చదరంగము

2020వ సంవత్సరము మే మాసమున మన న్యూ టౌన్‌లోని తెలుగు కుటుంబముల పిల్లలకు ఒక చదరంగపు పోటీ జరిగినది. అది లాక్‌డౌన్ కాలము. పిల్లలకు బడి లేదు; వీధిలో ఆట లేదు; ఒకరి యింటికి మఱియొకరు పోవుటకు వీలు లేదు. కావున పదునాఱుగురు పిల్లలను ఎవరి యింట వారిని కూర్చుండబెట్టి ఇంటర్నెట్ మూలమున ఆడించితిమి. ఐదు రౌండ్లు ఆడవలెనని నిశ్చయము. మే 17వ తేదీ ఆదివారమునకు నాలుగు ముగిసినవి. పదునొకండేండ్ల బాలుడొకడు నాలుగింటను గెలిచి అందఱికంటె ముందుండెను. కడపటి రౌండు మే 24న. నడుమ, మే 20వ తేదీన, ఆంఫన్ తుపాను వచ్చినది.

ఆనాటి బీభత్సమును ఈ నగరమున నున్నవారెవరును మఱువలేరు. చెట్లు కూలినవి, తీగలు తెగినవి, పెక్కు ప్రాంతములకు దినముల తరబడి విద్యుత్తు లేదు. ఆదివారము నాటికి కొందఱి యిండ్లకు కరెంటు వచ్చినది, కొందఱికి రాలేదు. ఆ బాలుని యిల్లు రాని వానిలోనిది. నిర్ణీత సమయమునకు అతడు తెరమీద కనబడలేదు. గడియారము తిరిగినది, ఆట పోయినది. మూడున్నర పాయింట్లతో నున్న అతని ప్రత్యర్థి యగు బాలికకు ఒకటి చేరి నాలుగున్నర అయినవి. మొదటి బహుమతియు ఆమెదే యైనది. తీర్పు చెప్పినవాడను నేనే. వాయిదా వేయవచ్చునన్న ఊహ రాకపోలేదు. కాని తక్కిన పిల్లలు వారము దినములుగా ఎదురు చూచుచుండిరి. ‘రానివాడు ఓడినవాడు’ అను సూత్రము అన్ని ఆటలలోను ఉన్నదే కదా యని తలచితిని.

కరెంటు వచ్చిన పిమ్మట ఆ బాలుడు ఫోను చేసి, “మామయ్యగారూ, ఓడిపోయింది నేనా, మా ఇంటి కరెంటా?” అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. అది వెదకుచు చదరంగపు పోటీల చరిత్రను కొంత చదివితిని. ఆ చదువులో తేలిన సంగతులనే పాఠకుల ముందుంచుచున్నాను.

ఆటలో తగవు మనకు క్రొత్త కాదు. భారతమున సభాపర్వమునందు ధర్మరాజు సర్వమును ఓడుటకు శకుని నేర్పొక్కటియే కారణము కాదు. పణమొడ్డినవాడు దుర్యోధనుడు, పాచికలు వేసినవాడు శకుని. ఒకరు పణమొడ్డగా వేఱొకరు ఆడుట తగునా యను సందేహము ఆట మొదలిడక పూర్వమే లేచినది. ఐనను దానిని తేల్చకయే ఆట సాగినది. పిదప ద్రౌపది యడిగిన ప్రశ్నకు ఆ సభలోని పెద్దలు తేల్చి బదులు చెప్పలేకపోయిరి. ఆటకు ముందు తేల్చవలసిన దానిని ఆట ముగిసిన పిమ్మట తేల్చబోయిన ఫలిత మిట్లే యుండును.

శకుని ఎదుట ధర్మరాజు కూర్చుండియుండెను. ఇక ప్రత్యర్థియే కనబడనప్పుడు సంగతి యేమి? ఇది ఇంటర్నెట్ పుట్టిన తరువాత కలిగిన చిక్కని పెక్కుమంది యనుకొందురు. అట్లు కాదు. 1824 మొదలు 1828 వఱకు లండను, ఎడింబరో నగరముల సంఘములు ఉత్తరముల మూలమున ఐదు ఆటలు ఆడినవి. ఎడింబరో రెండు గెలిచినది, లండను ఒకటి గెలిచినది, రెండు సమానముగ ముగిసినవి. ఆ వెనువెంటనే మన దేశమునను అట్టి పోటీ జరిగినది. 1828-29 ప్రాంతమున మదరాసు, హైదరాబాదు నగరములు రెండు ఆటలు ఉత్తరములతో ఆడినవి. మదరాసు పక్షమున ఎత్తులను ప్రధానముగ నడిపినవాడు గులాం కాసిం అను భారతీయుడు. అతడును, మదరాసు సివిల్ సర్వీసులోని జేమ్సు కాక్రేనును కలిసి ఆ యాటలపై వ్యాఖ్యలు వ్రాసి, ‘మూజియో గాంబిట్’ అను ఆరంభమును గుఱించిన పరిశోధనతో చేర్చి 1829లో మదరాసున అచ్చువేయించిరి. రైలు లేని, తంతి లేని ఆ దినములలో తపాలా అంచెలమీద పోవుచుండెను. ఒక్కొక్క ఎత్తు ఇక్కడనుండి అక్కడకు చేరి, ప్రత్యుత్తరము తిరిగి వచ్చువఱకు ఎంత ఓర్పు పట్టవలసినదో ఊహింపుడు.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆనాడు మన దేశపు చదరంగమునకును, ఐరోపా చదరంగమునకును నియమములు వేఱు. మన ఆటలో బంటు మొదటి ఎత్తున రెండు గడులు పోరాదు. రాజు కోటలో చేరుట లేదు, దానికి మాఱుగా ఒక్కసారి గుఱ్ఱమువలె దుముకవచ్చును. గాంబిట్ అనునదో, బంట్లు రెండు గడులు కదలినగాని పుట్టనే పుట్టదు. అనగా గులాం కాసిం వంటివారు ఐరోపా నియమములను చక్కగ నేర్చి, వానియందే ఉద్దండులైరి. ఎదురెదుట కూర్చున్నవారికి సందేహము వచ్చినచో నోటిమాటతో తీఱును. దూరముననున్నవారు ఏ నియమములతో ఆడుచున్నదియు ముందుగనే ఏకీభవింపక తప్పదు.

మన మిప్పుడు కాపురముండు కలకత్తా నగరమునకును ఈ చరిత్రలో గౌరవస్థానము కలదు. జాన్ కాక్రేన్ అను న్యాయవాది ఇక్కడ నివసించుచు, 1848లో పల్లెటూరినుండి వచ్చిన మహేశచంద్ర బెనర్జీ యను ఆటగాని కలిసికొని, తరువాత చిరకాలము అతనితో వందలకొలది ఆటలు ఆడెను. మహేశచంద్రుడు బంట్లను మెల్లగ నడిపించి, శకటును మూలకు చేర్చి కాచుకొను పద్ధతి నేడు ప్రపంచమంతట ‘ఇండియన్ డిఫెన్స్’ అను పేర వ్యవహరింపబడుచున్న ఆరంభములకు పూర్వరూపము. 1851లో లండనున మొట్టమొదటి అంతర్జాతీయ పోటీ జరుగగా కలకత్తా చదరంగ సంఘము నూఱు పౌనులు చందా పంపినది.

ఆ లండను పోటీయే నిర్వహణ యెట్లుండరాదో కూడ నేర్పినది. పదునాఱుగురు ఆటగాండ్రు, ఓడినవాడు వెడలిపోవలెను, జంటలను చీట్లు వేసి నిర్ణయించిరి. అందువలన బలవంతులలో ఒకడైన కీజెరిట్జ్‌కీ మొదటి రౌండులోనే, చివరకు విజేత యైన ఆండర్సెన్ చేతిలో ఓడి పోటీనుండి తప్పుకొనెను. కాలపరిమితి లేదు. ఒక్కొక్క ఎత్తునకు గంటలు గడపువారిపై ఫిర్యాదులు పుట్టినవి. ఆ ఫిర్యాదుల ఫలితమే తరువాతి సంస్కరణములు. 1861లో ఇసుక గడియారములు, 1883లో లండనున జంట గడియారములు వాడుకలోనికి వచ్చినవి. సమానముగ ముగిసిన ఆటకు విలువ యేమన్నది మఱియొక ప్రశ్న. 1867లో పారిసున దానికి సున్న వేసిరి. అదే సంవత్సరము స్కాట్లండులోని డండీ నగరమున ఇరువురికిని అరపాయింటు చొప్పున ఇచ్చిరి. నేడు లోకమంతట చెల్లునది డండీ పద్ధతియే.

ఇక ఎవరితో ఎవరిని ఆడించవలెను? పదునాఱుగురిలో ప్రతివాడును తక్కినవారందఱితో ఆడవలెనన్నచో పదునైదు రౌండ్లు, 120 ఆటలు కావలెను. ఇది మిక్కిలి న్యాయమైన పద్ధతి. కాని ఉద్యోగస్థులకును, బడి పిల్లలకును అంత తీరిక ఎక్కడిది? ఓడినవాడు వెడలిపోవు పద్ధతిలో 15 ఆటలతో ముగియును. కాని సగముమంది ఒక్క ఆటతోనే ఇంటిదారి పట్టుదురు. ఈ రెంటికి నడుమ మార్గమును 1895లో జ్యూరిక్ నగరమున యూలియస్ ముల్లర్ అను ఉపాధ్యాయుడు ప్రవేశపెట్టెను. అదియే స్విస్ పద్ధతి. ఇందు ఎవరును వెడలిపోరు. ప్రతి రౌండునందును సమానమైన పాయింట్లు గలవారిని, అంతకుముందు తమలో తాము ఆడనివారిని, జతపఱతురు. పదునాఱుగురికి ఐదు రౌండ్లు చాలును. మొత్తము 40 ఆటలు. మన పిల్లల పోటీకి ఎన్నుకొన్నది ఇదియే.

పాయింట్లు సమానమైనచో 1932నుండి బుఖోల్జ్ పేర వెలసిన లెక్క వాడుకలోనున్నది. ప్రతివానికిని అతని ప్రత్యర్థులు సంపాదించిన పాయింట్లను కూడుదురు. ఇద్దఱికి నాలుగేసి పాయింట్లు వచ్చినవనుకొందము. ఒకని ప్రత్యర్థులకు వచ్చినవి 3, 3, 2, 4, 3, వెరసి 15. రెండవవాని ప్రత్యర్థులకు వచ్చినవి 1, 2, 2, 3, 3, వెరసి 11. బలవంతులతో పోరాడినవాడు కనుక మొదటివానిదే పై స్థానము. లెక్క తేలికయే. కాని ఈ లెక్కతో తేల్చెదమని పోటీకి ముందే చెప్పవలెను. ముగిసిన తరువాత చెప్పినచో ఎంత న్యాయమైన లెక్కయైనను పక్షపాతమువలె కనబడును.

దూరపు ఆట తపాలానుండి తంతికి, తంతినుండి రేడియోకు మాఱినది. 1844లో అమెరికాలోని వాషింగ్టన్, బాల్టిమోరు నగరములు తంతిమీద ఆడినవి. 1896 మొదలు 1911 వఱకు ఇంగ్లండు, అమెరికాలు సముద్రగర్భపు తంతిద్వారా పోటీపడినవి. 1945లో సోవియట్ జట్టు అమెరికా జట్టును రేడియోమీద 15½–4½ పాయింట్లతో ఓడించినది. వీనియందన్నింట ఎత్తులను అందించువారును, గడియారములను చూచువారును మనుష్యులే.

1992 జనవరిలో ఇంటర్నెట్‌మీద మొదటి చదరంగ సర్వరు వెలసినది. నాటినుండి ఎత్తును చేరవేయునది, గడియారము త్రిప్పునది, పాయింటు వ్రాయునది అంతయు ఒకే యంత్రమైనది. సందేశము దారిలో గడపిన కాలమును ఆటగాని లెక్కలో వేయకుండుటకు ఆ తొలిదినములలోనే ఉపాయము కనుగొనిరి. కావున నిమిషములో పాతికవంతు ఆలస్యమునకైనను యంత్రము న్యాయము చేయగలదు. తీగయే తెగినప్పుడు మాత్రము అది చేయగలుగునది లేదు. ఆటగాడు ఆలోచించుచున్నాడో, అలిగి లేచిపోయెనో, చీకటిలో కూర్చున్నాడో దానికి తెలియదు.

ఈ లోపము లోకమంతట బయటపడినది 2020లోనే. చెన్నపట్టణమున ఇంకను ఒలింపియాడ్ జరుగని రోజులవి. 2020లో జరుగవలసినది మహమ్మారి మూలమున నిలిచిపోగా, ప్రపంచ చదరంగ సమాఖ్య జులై 25నుండి ఆగస్టు 30 వఱకు దానిని ఇంటర్నెట్‌పై నడిపినది. జట్టునకు ఆఱు బల్లలు: పురుషులకు రెండు, స్త్రీలకు రెండు, బాలునకొకటి, బాలికకొకటి. ఒక్కొక్కరికి పదునైదు నిమిషములు, ఎత్తునకు ఐదు సెకండ్లు అదనము. మన జట్టులో గుడివాడలో జన్మించిన కోనేరు హంపి, గుంటూరువారైన ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ యుండుట మనకు గర్వకారణము.

క్వార్టర్ ఫైనలునందు ఆర్మేనియా ఆటగానికి నిహాల్ సరీన్‌తో ఆడునపుడు సంబంధము తెగి ఆట పోయినది. ఆర్మేనియావారు అప్పీలు చేసికొనిరి. ఎవరి ఇంటర్నెట్‌కు వారే బాధ్యులను నియమము ముందే వ్రాయబడియున్నదని దానిని త్రోసిపుచ్చిరి. వారు నిరసనతో పోటీనుండి వైదొలగిరి. సెమీఫైనలున పోలండుపై కడపటి నిర్ణయాత్మకమైన ఆటను హంపి గెలిచి జట్టును ఫైనలు చేర్చెను. ఆగస్టు 30న రష్యాతో ఫైనలు. మొదటి పోరు 3–3తో సమానము. రెండవ దానిలో నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌లకు సంబంధము తెగి కాలము మించిపోయినది. మొదట రష్యాయే విజేత యని ప్రకటించిరి. ఈ పర్యాయము మనవారు అప్పీలు చేసిరి. ఆనాటి అంతరాయము ఒక్కరి యింటిది కాదు, ప్రపంచములో పెక్కుచోట్ల ఒక్కమాఱుగ కలిగినది. అప్పీళ్ల సంఘమునకు ఏకాభిప్రాయము కుదురలేదు. తుదకు సమాఖ్య అధ్యక్షుడు అర్కాడీ ద్వోర్కోవిచ్ రెండు దేశములకును స్వర్ణపతకములు ప్రకటించెను.

మనకు సంతోషమే కలిగినది. ఐనను ఆర్మేనియావారి మనస్సున ఏముండునో యని నాకు తోచినది. తమ సంబంధము తెగినది తమ తప్పువలన కాదని వారును చెప్పిరి కదా! ఒక యింటి అంతరాయమునకు ఒక నియమము, ఊరంతటి అంతరాయమునకు మఱియొక నియమము నుండవలెను. రెండింటికిని గల భేదమును, దానిని ఎవరు నిర్ణయింతురన్న దానిని ముందే వ్రాసియుంచవలెను. అట్లు వ్రాయనిచోట న్యాయమైన తీర్పు కూడ దయవలె కనబడును; ఓడినవానికి అన్యాయమువలె కనబడును.

ఆ వార్త చదివిన మఱునాడు నేను బహుమతి పొందిన బాలిక యింటికి ఫోను చేసి సంగతి చెప్పితిని. ఆ పిల్ల తడుముకొనకుండ, “మేమిద్దరం అసలు ఆడనే లేదు కదండీ, ఇద్దరికీ ఇచ్చేయండి” అనెను. మూడు నెలలుగా నాకు తోచని న్యాయము ఆమెకు క్షణములో తోచినది. కాని అప్పటికే బాలుని తండ్రిగారికి విశాఖపట్టణమునకు బదిలీ యై ఆ కుటుంబము వెడలిపోయినది. సంయుక్త విజేత యని వ్రాసిన ప్రశంసాపత్రమును, నా తప్పును ఒప్పుకొనుచు ఒక ఉత్తరమును తపాలాలో పంపితిని. చేతికి చేరినదని వ్రాసిరి. ఐనను పిల్లలందఱి యెదుట చప్పట్ల నడుమ అందుకొనవలసిన దానిని ఆ బాలుడు తపాలావాని చేతినుండి అందుకొనెను. అది నేను తీర్చలేని ఋణము.

నాటినుండి మన పిల్లల పోటీలకు ముందు ఒక పత్రము వ్రాసి అందఱికిని పంచుచున్నాము. రౌండ్లెన్ని, జంటలెట్లు, సమానమైన పాయింట్లను తేల్చు క్రమమేది, తీర్పరులు ముగ్గురెవరు, వారి పిల్లలు ఆడునప్పుడు వారికి మాఱుగా ఎవరు కూర్చుందురు, అప్పీలు ఎంతలోపల చేసికొనవలెను, ఇవన్నియు అందుండును. అన్నిటికంటె పైన ఒక వాక్యము వ్రాసియుంచితిమి: ‘పెక్కు యిండ్లకు విద్యుత్తు గాని ఇంటర్నెట్ గాని పోయినచో ఆట అక్కడనే నిలిచి, అదే స్థితినుండి మఱియొక దినమున సాగును.’ ఆ వాక్యమును మాచే వ్రాయించినవాడు ఆ పదునొకండేండ్ల బాలుడే.