తాండూరు బండయు నిజాము రైలుబాటయు

వేసవి మధ్యాహ్నమున చాపయైన లేక మేను వాల్చుటకు హాయియైన నాపరాయి యెచటినుండి వచ్చినదని యడిగినచో, బజారునుండి యని పిల్లలు బదులు చెప్పుదురు. మా తరగతిలో నీ ప్రత్యుత్తరమును పలుమారు వింటిమి. ఆ బండకు పుట్టినిండ్లలో నొకటి తాండూరు.

అచటి సున్నపురాయి కోట్లకొలది సంవత్సరములకు పూర్వము సముద్రగర్భమున పొరపొరగా పేరుకొన్నది. కావుననే తాళపత్రముల కట్టవలె విడివడును. పనివాడు పొరల సందున ఉలి నిలిపి, సుత్తితో మెల్లగా తట్టి, గడ్డపారతో బండ నెత్తును. తొందరపడెనా, బండ నడిమికి పగులును. పగిలిన దానికి వెల లేదు. ఊరి చుట్టును గుట్టలుగా పడియున్నది అట్టి రాయియే. నీలి బండ, పసుపు బండ యని మనము వన్నెలు ఎంచుకొందుము గాని, ఒక్క నునుపైన పలకకు ఎన్ని పలకలు వ్యర్థమైనవో యెంచము.

బండ బరువైన సరకు. ఎడ్లబండిపై దూరదేశమునకు పోజాలదు. దానికి రైలు కావలెను. అయినను రైలు బండకొరకు రాలేదు. బొంబాయి మదరాసు మార్గముపైనున్న వాడీనుండి సికింద్రాబాదు దండువరకు దారి కావలెనని ఆంగ్లప్రభుత్వము కోరెను. ధనము నిజాము సంస్థానము సమకూర్చెను. 1870లో ఒడంబడిక జరిగి, 1874లో బండ్లు నడిచెను. తాండూరు విడిచి తూర్పునకు వచ్చు రైలు అనంతగిరి యడవుల చెంత వికారాబాదు చేరును. వానకాలమున ఆ పచ్చదనమును కిటికీనుండి చూడనివారు చూడవలెను. 1908లో హైదరాబాదును ముంచిన మూసీ యీ కొండలలోనే పిల్లకాలువగా పుట్టును. వికారాబాదు పేరు పాయిగా ప్రభువైన వికారుల్‌ఉమ్రాది.

ఇంతవరకు వేడుకయే. ఇక ఖర్చు సంగతి. 1883లో ఈ రైలును లండను కంపెనీకి అప్పగించి, చాందావైపును బెజవాడవైపును పొడిగించు యోచన వచ్చెను. వాటాదారులకు వడ్డీ తప్పకుండ చెల్లించు పూచీ నిజాము ఖజానాది. లాభము వచ్చిన వాటాదారునకు, రానిచో రయతు చెల్లించు శిస్తునుండి! షరతులను ప్రజలయెదుట పెట్టి చర్చింపవలెనని కొందరు విద్యావంతులు కోరిరి. వారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూము ఒకరు. సరోజినీదేవి తండ్రి, కళాశాలాధ్యక్షుడు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు మరియొకరు. లెక్క చూపుడనినందులకు ఆ యుపాధ్యాయుని 1883 మే నెలలో ఉద్యోగమునుండి తొలగించి సంస్థానము వెడలగొట్టిరి. తరువాత మరల రానిచ్చిరి గాని, కంపెనీ కుదిరినది, పూచీయు కుదిరినది. మేము ఉపాధ్యాయులము గనుక ఈ ఘట్టమును తొందరగా దాటలేకున్నాము. హైదరాబాదులో ప్రజాభిప్రాయము తొలుదొల్త గొంతెత్తిన సందర్భములలో నిది యొకటి. అదియు రైలు లెక్కలను గూర్చియే.

1930లో నిజాము ప్రభుత్వము కంపెనీనుండి రైలును కొనెను. ఆనాటి పూచీని ఎవరు మోసిరో, అట్టివారి మనుమలలో ఎందరు గనులలో ఉలి పట్టిరో ఏ దస్తరమందును లేదు. రాతిదుమ్ము ఊపిరికి చెరుపు. గనిలో దినమంతయు వంగి పనిచేయువారికి ముక్కుకు చుట్టిన పాతగుడ్డయే రక్ష. అనంతగిరి గాలి మంచిదని 1946లో ఆ కొండపైననే క్షయరోగుల ఆసుపత్రిని కట్టిరి. తాండూరునుండి అచటికి సుమారు 40 కిలోమీటర్లు.